టెలివిజను కేంద్రము ఎవరిది?

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో పౌరశాస్త్ర పాఠము జరుగుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాష్టరుగారూ, మా యింట ప్రతి ఉదయమును టెలివిజనులో వాక్యము వినుచున్నాము. ఆ టెలివిజను కేంద్రము ఎవరిది?" అని యడిగెను. తరగతిలో ముగ్గురు మూడు జవాబులు చెప్పిరి. "అది ప్రసంగించు అయ్యగారిది" అని యొకడు, "గవర్నమెంటుది" అని మఱియొకడు, "డబ్బు పంపువారిది. మా అమ్మ నెలనెలా పంపుచున్నది గనుక మాది కూడ" అని మూడవవాడు. అందఱును నవ్విరి. ఆ మూడవ బాలుని మాటకు మాకు మాత్రము నవ్వు రాలేదు. నాటినుండి ఆ ప్రశ్న మా మనస్సును విడువకున్నది.

మొదటి జవాబు కొన్ని తావుల నిజము. రెండవది దూరదర్శన్‌కు కొంత చెల్లును గాని మత ప్రసార సంస్థలకు చెల్లదు. మూడవది న్యాయమునుబట్టి నిజము, చట్టమునుబట్టి అబద్ధము. న్యాయమునకును చట్టమునకును నడుమ ఏర్పడిన ఈ యెడమును గూర్చియే మా పాఠశాల పత్రికా పాఠకులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి. మేము టెలివిజనును దూషింప బూనలేదు. వృద్ధులును, రోగులును, ఆరాధనకు నడచి పోజాలనివారును మంచమునుండియే వాక్యము వినగలుగుట మేలైన సంగతియే. మా విచారణ బోధను గూర్చినది కాదు, యాజమాన్యమును గూర్చినది.

టెలివిజను కేంద్రమునకు ముఖ్యముగా మూడు కావలయును: యంత్రములు, వానిని నడుపు పనివారు, ఆకాశ తరంగములను వాడుకొనుటకు అనుమతి. మొదటి రెండును ధనముచేత సమకూడును. మూడవది అట్టిది కాదు. ఒకే ప్రదేశమున ఒకే తరంగముపై ఇరువురు ప్రసారము చేసినయెడల ఇరువురి మాటయు చెడును. ఒకనికి ఇచ్చుట యనగా తక్కినవారికి లేదనుటయే. అందుచేత అమెరికా దేశమున 1934 సంవత్సరపు కమ్యూనికేషన్ల చట్టము ప్రసారానుమతిని ప్రజాప్రయోజనముతో ముడివెట్టినది. దానిని నియమిత కాలమునకు మాత్రమే యిచ్చి, గడువు తీరగానే మఱల విచారింపవలెనని విధించినది. మన దేశమున 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్టు ఆటల ప్రసారమును గూర్చిన వ్యాజ్యెములో, ఆకాశ తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పెను. కాబట్టి ఏ ప్రసార కేంద్రపు యజమానియు నిండు యజమాని కాడు. యంత్రములకు అతడు యజమాని, తరంగములకు కౌలుదారు.

మఱియొక సంగతి గమనింపవలయును. మన దేశమున ఉపగ్రహ ఛానెలునకు అనుమతి ఏ ప్రసంగీకునికి గాని, ఏ సంఘమునకు గాని ఆ హోదాలో ఇయ్యబడదు. చట్టప్రకారము నమోదైన కంపెనీ గాని, అట్టి వ్యాపార సంస్థ గాని దానికి దరఖాస్తు చేయవలయును. కావున తెఱపై కనబడు ముఖము ఒకటి, అనుమతి పత్రములోని పేరు వేఱొకటి అయియుండవచ్చును. చూచువారు ముఖమును ఎఱుగుదురు, పేరును ఎఱుగరు.

ఈ విషయము బోధపడుటకు అమెరికాలోని రెండు చిన్న కేంద్రముల చరిత్ర చెప్పుట మేలు. ఏలయనగా మత టెలివిజను అచ్చట మనకంటె ఎంతో ముందు ప్రబలినది; దాని మేలుకీడులు రెండును అచ్చటి గ్రంథములకు ఎక్కియున్నవి.

వర్జీనియా రాష్ట్రమున పోర్ట్స్‌మత్ అను రేవు పట్టణము గలదు. నౌకాదళపు వారును, ఓడలను మరమ్మతు చేయు పనివారును నివసించు ప్రదేశమది. అచ్చట 27వ ఛానెలుపై ప్రసారము చేయుచుండిన చిన్న కేంద్రమొకటి మూతపడియుండెను. 1959లో ప్యాట్ రాబర్ట్‌సన్ అను యువకుడు దానిని కొనవలెనని భార్యాబిడ్డలతో ఆ పట్టణమునకు వచ్చెను. అతడు అమెరికా సెనేటు సభ్యుని కుమారుడు. యేల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, పిమ్మట న్యూయార్కులో వేదాంత విద్య ముగించినవాడు. చేతిలో ధనము మిక్కిలి స్వల్పము. 1960 జనవరిలో అతడు క్రిస్టియన్ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్ అను లాభాపేక్ష లేని సంస్థను నమోదు చేయించెను. 1961 అక్టోబరు 1వ తేదీన కేంద్రము ప్రసారము ఆరంభించెను. దానికి డబ్ల్యు.వై.ఎ.హెచ్. అని పేరు పెట్టిరి. అందలి కడపటి మూడక్షరములు హెబ్రీ భాషలోని దేవుని నామమునుండి తీసికొనబడినవి.

ఆ కాలపు టెలివిజను పెట్టెలలో పెక్కు 2 మొదలు 13 వరకు గల ఛానెళ్లను మాత్రమే పట్టగలిగియుండెను. 27వ ఛానెలు వేఱు తరగతి తరంగములకు చెందినది. దానిని చూడగోరువారు మఱియొక పరికరమును కొని తగిలించుకొనవలసి వచ్చెడిది. అన్ని ఛానెళ్లను పట్టు పెట్టెలనే తయారు చేయవలెనను శాసనము 1962లో పుట్టి 1964 నుండి అమలులోనికి వచ్చెను. అంతవరకు ఈ కేంద్రము, కోరి ఖర్చు పెట్టుకొన్న వారికే కనబడెను. అట్టి కేంద్రము ప్రకటనల రాబడిపై బ్రదుకుట దుర్ఘటము. 1963లో నెల ఖర్చు సుమారు 7000 డాలర్లు కాగా, నెలకు 10 డాలర్ల చొప్పున ఇచ్చువారు 700 మంది కావలెనని ప్రసారములోనే విజ్ఞాపన చేసిరి. 700 క్లబ్ అను పేరునకు మూలమిదియే.

ఈ కేంద్రపు చరిత్రలో మాకు అన్నిటికంటె ఇంపైన ఘట్టమిది. లెక్క ఎంత తేటగా నున్నదో చూడుడు! ఖర్చు ఇంత, ఇచ్చువారు ఇందఱు, ఒక్కొక్కరి వంతు ఇంత. మూడవ తరగతి బాలుడు సహితము హెచ్చవేసి సరిచూచుకొనగలడు. ఇచ్చువారు ఆ చుట్టుపట్లవారే. కేంద్రము ఏ వీధిలో నున్నదో వారికి తెలియును. అయినను చట్టమునుబట్టి చూడగా, ఆ 700 మందికి ఆ కేంద్రములోని ఒక్క మేకుపైనను హక్కు లేదు. వారు చందాదారులు గాని సభ్యులు కారు. నిర్వాహకులను ఎన్నుకొనుటకు వారికి ఓటు లేదు. కేంద్రము చిన్నదైనంత కాలము ఈ కొఱత ఎవరికిని కనబడలేదు.

పిమ్మట అది పెరిగెను. 1977లో ఉపగ్రహము ద్వారా దేశమంతటను ప్రసారము సాగెను. 1989లో పోర్ట్స్‌మత్ కేంద్రమునే విక్రయించిరి. పుట్టిన యిల్లు పరుల పాలయ్యెను. కేబులు ద్వారా వ్యాపించిన ఛానెలు ఫ్యామిలీ ఛానెల్ అను పేర గొప్ప లాభములు తెచ్చుచుండెను. అంత లాభము వచ్చు వ్యాపారమును పన్ను మినహాయింపు గల ధర్మసంస్థ ఉంచుకొనుట చిక్కైనందున, 1990లో దానిని ఒక కంపెనీకి అమ్మిరి. ఆ కంపెనీని ఏర్పరచినవారు రాబర్ట్‌సన్, అతని కుమారుడు, వారితో కూడిన ఒక పెద్ద కేబులు సంస్థ. 1997లో ఆ కంపెనీ మర్డాక్ అను పత్రికాధిపతి వర్గమునకు సుమారు 190 కోట్ల డాలర్లకు విక్రయింపబడెను. రాబర్ట్‌సన్ 2023లో మరణించెను.

న్యాయము చెప్పవలెనన్న, ఆ విక్రయమువలన ధర్మసంస్థకును, రాబర్ట్‌సన్ స్థాపించిన విశ్వవిద్యాలయమునకును పెద్ద మొత్తములు ముట్టినవి. 700 క్లబ్ కార్యక్రమము ఆ ఛానెలుపై సాగవలెనను షరతు కూడ వ్రాయించిరి. చట్టము మీఱబడెనని మేము చెప్పుట లేదు. మా ప్రశ్న వేఱు. 1963లో ఓడరేవు పనివాడొకడు తన కూలిలోనుండి 10 డాలర్లు తీసి యిచ్చినప్పుడు, తన పట్టణమున ఒక సాక్ష్యము నిలుచుటకై యిచ్చెను. కొన్ని యేండ్లకు ఆ పునాదిపై లేచిన కట్టడము అంగడిలో వెల కట్టబడి చేతులు మారెను. ఆ దినమున అతనిని గాని, అతని బిడ్డలను గాని పిలిచి అడిగినవారెవరు? ఎవరును అడుగలేదు, అడుగవలసిన చట్టమును లేదు.

ఆ పోర్ట్స్‌మత్ కేంద్రములోనే 1965 మొదలు పిల్లలకు బొమ్మల కార్యక్రమము నడిపిన దంపతులుండిరి. వారిలో భర్త జిమ్ బేకర్ పిమ్మట షార్లట్ నగరమున మఱియొక ప్రసార పరిచర్యకు అధిపతియై, వెయ్యి డాలర్లిచ్చినవారికి జీవితాంతము ఏటేట మూడు రాత్రుల బస ఇత్తునని చెప్పి, ఉన్న గదులకు మించి ఎన్నో రెట్లు హక్కులు అమ్మెను. 1989లో న్యాయస్థానము అతనిని మోసము చేసిన దోషిగా తీర్చి చెఱకు పంపెను. మంచి చేతులతో ఆరంభమైన పని సహితము, లెక్క అడుగువారు లేనిచోట ఎట్లు పాడగునో దీనివలన తెలియును.

రెండవ కేంద్రము కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోకు చెందిన 30వ ఛానెలు. దాని అనుమతి గ్లెండేల్ పట్టణమునందలి ఫెయిత్ సెంటర్ అను సంఘమునకు ఉండెను. 1975లో ఆ సంఘమునకు పాదిరియైన జీన్ స్కాట్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన పండితుడు. ఆ దశాబ్దపు కడపటి యేండ్లలో ఆ కేంద్రమున ఒకప్పుడు ఉద్యోగము చేసినవాడొకడు, ఒక పనికని అడిగి పోగుచేసిన సొమ్ము ఆ పనికి వినియోగింపబడుట లేదని ప్రభుత్వ ప్రసార కమిషనునకు ఫిర్యాదు చేసెను. కమిషను లెక్కలను, దాతల వివరములను చూపుమనెను. స్కాటు చూపననెను. మత స్వాతంత్ర్యమును కాపాడు రాజ్యాంగ సవరణను అడ్డు చెప్పి, రాత్రులు తెఱపై కూర్చుండి అధికారులను నిందించుచు, కీ ఇచ్చిన కోతిబొమ్మలను ఆడించి వీరే ఆ కమిషనువారని పరిహసించెను. సంవత్సరములు వ్యాజ్యెములలో గడచినవి. తుదకు అనుమతి పునరుద్ధరింపబడక 1983లో 30వ ఛానెలు మూగబోయెను.

విద్యార్థులారా, ఇచ్చట జాగ్రత్తగా గమనింపుడు. ఆ కేంద్రము మూతపడినది నేరము రుజువైనందున కాదు, లెక్కలు చూపనందున. సొమ్ము నిజముగా ఏమైనదో కమిషను తేల్చనే లేదు. లెక్కలు నిర్దోషములైయుండినను ఉండవచ్చును. అట్లయినచో ఒక పుస్తకము తెఱచి చూపుటకు ఒల్లక, దాతలు కట్టి యిచ్చిన కేంద్రమును పోగొట్టుకొనుట ఎంత శోచనీయము! ఆ పంతమునకు వెల చెల్లించినవారు దాతలే.

స్కాటు వాదములో బలము లేదని మేము అనము. రాజు ప్రసంగవేదికపై చేయి వేయరాదు. నేడు లెక్క అడిగినవాడు రేపు ప్రసంగపు ప్రతి అడుగవచ్చును. ఈ భయము అకారణమైనది కాదు. అందుచేతనే కొందఱు, ప్రభుత్వమునకు చూపనక్కరలేదు, దేవునికి చూపిన చాలునందురు. వారికి మా ప్రత్యుత్తరము పౌలు నడవడియే. యెరూషలేములోని బీదల కొఱకు అన్యదేశపు సంఘములు చందా పోగుచేసినప్పుడు, అపొస్తలుడు దానిని ఒంటరిగా మోసికొని పోలేదు. సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంటబెట్టుకొనెను. తనపై నింద రాకుండ ప్రభువు ఎదుటనే గాక మనుష్యుల ఎదుటను సరిగా నుండవలెనని కారణము కూడ కొరింథీయులకు వ్రాసెను. పౌలునకు అక్కరయైన సాక్షులు నేటి ప్రసంగీకులకు అక్కరలేదా?

మత సంస్థలకు ప్రసార కేంద్రములు ఉండనే కూడదను పక్షమును గలదు. ఇంగ్లండులో 1990 సంవత్సరపు ప్రసార చట్టము పెక్కు రకముల అనుమతులను మత సంస్థలకు నిషేధించెను. 2003 చట్టము దానిని కొంత సడలించెను. మన దేశమున టెలికాం నియంత్రణ సంస్థ 2008లోను, మఱల 2012లోను, ప్రసార సంస్థల యాజమాన్యమును మత సంస్థలకు ఈయరాదని ప్రభుత్వమునకు సిఫారసు చేసెను. ఆ పక్షము మాకు సమ్మతము కాదు. మత సంస్థ చేతబట్టిన మాత్రమున కేంద్రము చెడునని చరిత్ర చెప్పదు. న్యూ ఆర్లీన్స్ నగరమున జెస్యూటు గురువుల లయోలా విశ్వవిద్యాలయము 1957 మొదలు ముప్పదేండ్లకు పైగా 4వ ఛానెలునకు యజమానియై, వార్తలును వినోదములును గల సామాన్య కేంద్రముగా నడిపి, పేరు తెచ్చుకొని, దాని రాబడితో విద్యను పోషించెను. తుదకు దానిని అచ్చటి ఉద్యోగుల సమూహమునకే విక్రయించెను. మన ప్రాంతముననే 2008లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెలును స్థాపించిరి. యజమాని ఎవరో అందఱికిని తెలిసిన సంస్థ అది. కావున మా అభిప్రాయమిది: మతమునకు తలుపు మూయనక్కరలేదు, లెక్క పుస్తకమునకు తలుపు తెఱవవలయును. యజమాని పేరు దాగక, అధికారము ఒక కుటుంబములో బిగియక, పద్దు చూడగోరువారికి దొరకినచో, ప్రభుత్వము చేయి వేయవలసిన అవసరమే తగ్గును.

మన తెలుగు సంఘములకు ఇది క్రొత్త పాఠము కాదు. పల్లెలలో మన తల్లులు వండు పూటల పిడికెడు బియ్యము వేఱుగ తీసి, ఆదివారము గుడికి తెచ్చి పోయుట మనమెఱిగినదే. ఆ బియ్యమును పదిమంది ఎదుట కొలిచి, వచ్చిన వెల చిట్టాలో వ్రాసి, సంఘ కూటములో చదువుదురు. చదువునప్పుడు ముసలమ్మ యొకతె లేచి, "పోయిన నెల నూనె ఖర్చు అంత యేల?" అని యడిగినయెడల పెద్దలు జవాబు చెప్పవలసినదే. ఈ దేశమున పనిచేసిన మిషను సంఘములు సహితము ఏటేట నివేదికలు అచ్చువేయించి, ఎంత వచ్చినదో, ఏ పనికి ఎంత వ్యయమైనదో, సముద్రముల ఆవలి దాతలకు చూపుచుండెడివి. పిడికెడు బియ్యమునకు ఉన్న లెక్క, కోట్ల రూపాయల ప్రసారమునకు లేకపోవుట సిగ్గుచేటు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. టెలివిజను పరిచర్యకు కానుక పంపుటకు ముందు ఒక ఉత్తరము వ్రాసి కొన్ని సంగతులు తెలిసికొనుడు. అనుమతి పత్రము ఏ కంపెనీ పేర నున్నది? నిర్వాహకులెవరు? వారందఱును ఒక కుటుంబమువారేనా? బయటి ఆడిటరు సరిచూచిన లెక్కలు దాతలకు చూపుదురా? కేంద్రమును అమ్మవలసి వచ్చినయెడల ఆ సొమ్ము ఎవరికి చెందును? ఆ ప్రసారములో మన జిల్లా సంఘముల ఆరాధన, మన ఊరి రోగుల కష్టము, మన భాషలోని పాట ఏ మాత్రమైన కనబడునా? వీనికి సౌమ్యముగా ఉత్తరమిచ్చు కేంద్రము మీ కానుకకు తగినది. ప్రశ్నించుటయే అవిశ్వాసమని గద్దించు కేంద్రము, శాన్ బెర్నార్డినో త్రోవను పోవుచున్నదని యెఱుగుడు.

విద్యార్థులకును ఒక మాట. మీలో కొందఱు కెమెరా పట్టుటకును, కొందఱు తెఱపై నిలిచి మాటలాడుటకును ఉవ్విళ్లూరుచున్నారు. సంతోషమే. కాని లెక్కలు వ్రాయువాడును ఆ పరిచర్యలో భాగస్థుడే యని మఱువకుడు. మంచి ప్రసంగీకులు మన సంఘములలో కొదువ లేదు. పద్దు పుస్తకమును శుభ్రముగా వ్రాసి, అడిగినవారి ఎదుట నదరు బెదరు లేక తెఱచు మనుష్యులే కావలసియున్నారు. మీరు గణితమును నేర్చుకొనుట పరీక్ష కొఱకు మాత్రమే కాదు.

కడపట ఆ మూడవ బాలుని సంగతి చెప్పి ముగించెదము. ఆ బాలుని వసతిగృహపు రుసుము రెండు నెలలుగా నిలిచిపోగా, అతని తల్లి మమ్ము చూడవచ్చెను. పాలు అమ్మి బిడ్డను చదివించుకొనుచున్న విధవరాలు. మాటల నడుమ, ఆమె పంపు సొమ్మునకు రశీదు వచ్చుచున్నదా యని అడిగితిమి. రశీదు రాలేదట. ప్రసంగీకుని బొమ్మ గల క్యాలెండరు వచ్చినదట. "అయ్యగారూ, నేను దేవునికిచ్చితిని. లెక్క ఆయనే చూచుకొనును" అని ఆమె అనెను. ఆ విశ్వాసము ముందర మేము తల వంచుకొంటిమి. అయినను, "అమ్మా, దేవునికి నీ లెక్కతో పని లేదు. నీ సొమ్మును చేత పట్టుకొన్నవారికి పని గలదు. ఒక ఉత్తరము వ్రాయింపుము" అని చెప్పితిమి. ఆ ఉత్తరమును ఆమె కుమారుడే, తన గుండ్రని అక్షరములతో, మా బల్లపై కూర్చుండి వ్రాసెను. ఈ పంక్తులు వ్రాయునాటికి జవాబు రాలేదు. వచ్చినయెడల వచ్చు సంవత్సరపు పత్రికలో, ఆ తల్లి సమ్మతితో, ప్రకటింపగలము.